నికెల్ మాస్టారు

మాస్టారు పోయారన్న సంగతి నాకు పెద్దాపురం బస్సులో తెలిసింది. రోజూ పొద్దున్నే రాజమండ్రిలో ఆ బస్సెక్కి, పెద్దాపురం కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి, సాయంత్రం మళ్లీ అలాంటి బస్సులోనే ఒళ్లు హూనం చేసుకుని ఇంటికి రావడం నా ఉద్యోగం. ఆ రోజు నా పక్క సీట్లో కూర్చున్న పెద్దమనిషి ఒకప్పుడు నేను చదివిన కాలేజీలో ల్యాబు అటెండరు. మరిడమ్మ తల్లికి మొక్కు చెల్లించడానికి వెళుతున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉన్నట్టుండి చెప్పాడు.

"మన నికెల్ మాస్టారు కాలం చేశారు కదండి అమ్మాయిగారూ. మొన్నేనండి. పడుకున్నవారు పడుకున్నట్టే పోయారటండి. మీకు కబురు రాలేదాండి?"

రాలేదు. ఎవరు పంపుతారు? ఆయనకి పెళ్లీ పిల్లలూ లేరు. అద్దెకున్న మేడగది ఇంటివాళ్లే ఎవరికో చెప్పి, ఎవరో వచ్చి, కార్యక్రమం కానిచ్చేసి ఉంటారు. ఏడుపు వస్తుందేమోనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రాలేదు. ఒళ్లంతా నీరసం కమ్ముకుంది, అంతే. ఆ నీరసంతోనే బస్సు దిగి, ఆ నీరసంతోనే వరుసగా క్లాసులు చెప్పాను. పిల్లలు ఏం అడిగారో, నేనేం చెప్పానో గుర్తు లేదు.

ఆయన్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది కూడా అలసటే. నేను చూసేనాటికి నలభై ఐదో ఏభయ్యో ఉంటాయి గానీ, మెట్లెక్కడం చూస్తే డెబ్భై ఏళ్లవారనుకుంటారు. ల్యాబు మేడ మీద. సగం మెట్ల దగ్గర ఓ నోటీసు బోర్డు ఉండేది. అక్కడ ఆగి, ఎప్పుడో చదివేసిన పరీక్షల టైంటేబులు మళ్లీ మొదటి నుంచి చదివేవారు. ఆయాసం తీరాక మిగతా మెట్లెక్కేవారు. క్లాసు అయిపోయాక వెంటనే వెళ్లలేక, పాఠం చెప్పిన దిమ్మ మీదే కాళ్లు వేలాడేసి కూర్చునేవారు. అప్పుడు వెళ్లి ఏదైనా అడిగితే కాదనేవారు కాదు. పాఠం కంటే ఆ కూర్చున్నప్పుడు చెప్పిందే బాగా బుర్రకెక్కేది.

చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్కలు ఉండేవి. అందుకని ఏ రంగు చొక్కా వేసుకున్నా జేబు మటుకు తెల్లగా ఉండేది. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ మీరనేవారు. బర్నరు వెలగకపోతే దాన్ని కూడా "ఏంటండీ, ఇవాళ ఇలా చేస్తున్నారు" అనేవారని కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఇక ఆయన నోట్లో ఎప్పుడూ నానే మాట ఒకటుంది. "కంగారేం లేదండి." రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేస్తున్నా అదే మాట, పరీక్షకి గంట కొట్టేస్తున్నా అదే మాట.

సాయంత్రాలు గోదావరి గట్టుకి వెళ్లేవారు. ఊళ్లో చాలామంది వెళతారు. ఈయన మాత్రం నదికి వీపు పెట్టి, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చునేవారు. ఎవరైనా అడిగితే, "నీళ్లు చూస్తే లెక్క మర్చిపోతానండి" అనేవారు. అదేం లెక్కో చాలామందికి తెలియదు. నికెల్ లెక్క అని తెలిసినవాళ్లకి అదెందుకో తెలియదు.

ఎందుకో నేను చెబుతాను. నూనెలో హైడ్రోజన్ కలిస్తే అది గడ్డకట్టి వనస్పతి అవుతుంది. ఊరికే కలుపుతానంటే కలవదు. మధ్యలో నికెల్ పొడి ఉండాలి. నికెల్ హైడ్రోజన్‌ని తన మీదికి రానిచ్చి, కాసేపు ఉంచుకుని, నూనెకి అప్పగించి, తను ఖర్చు కాకుండా మిగిలిపోతుంది. ఆ హైడ్రోజన్ వచ్చి నికెల్ మీద ఎంత దూరంలో ఆగుతుంది, అక్కడ ఎంత గట్టిగా నిలబడుతుంది అన్నది గాజు సామాను లేకుండా, గ్యాసు లేకుండా, వట్టి లెక్క కట్టి చెప్పాలని మాస్టారి ఆశ. ఆశ అనే మాట చిన్నదేమో. ఆయనకి ఇంకే వ్యాపకమూ లేదు.

పెళ్లిళ్లకి పిలిస్తే వెళ్లేవారు. బూరె ముక్క తుంచి వాసన చూసి, "నెయ్యాండీ, నికెల్ పుణ్యమాండీ?" అని వడ్డించేవాణ్ని మెల్లగా అడిగేవారు. నెయ్యేనని చెప్పుకున్న పెళ్లివారికి చెమటలు పట్టేవి. ఆయనకి మాత్రం అందులో ఎకసెక్కం లేదు. నికెల్ అని చెబితే మరింత ఇష్టంగా తినేవారు.

ఇలాంటాయనకి ఢిల్లీ నుంచి ఓ ప్రాజెక్టు మంజూరైంది. దాంతోపాటు ఒక రీసెర్చ్ ఫెలో పోస్టు. నెలనెలా స్టైపెండు, పని పూర్తయితే చివర్లో పీహెచ్‌డీ. మా ఊరి కాలేజీకి అలాంటిది రావడం గొప్ప సంగతే. మెట్ల దగ్గరి బోర్డు మీద ఆయనే స్వయంగా రాసి నోటీసు పెట్టారు. ఎవరూ రాలేదు. ఎమ్మెస్సీ చదివినవాళ్లంతా బ్యాంకు పరీక్షల గైడ్లు ముందేసుకుని కూర్చున్న రోజులవి. ఎండకి నోటీసు మీద సిరా వెలిసిపోతే మళ్లీ రాసి పెట్టారు. స్టాఫ్ రూములో మిగతా లెక్చరర్లు ఏడిపించేవారు.

"ఏం మాస్టారూ, మీ నికెల్ దగ్గరికి ఎవరూ రానంటున్నారా?"

"వస్తారండి. కంగారేం లేదు."

నేను వెళ్లింది కూడా ఆ పోస్టు కోసం కాదు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి వచ్చి, అందరిలాగే బ్యాంకు పరీక్షకి కట్టడానికి పాత సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్లాను. మెట్ల దగ్గర ఆయన ఆయాసం తీర్చుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టారు.

"మీ నాన్నగారిది మెయిన్ రోడ్డులో నూనె కొట్టు కదండి?"

"అవునండి."

"వనస్పతి డబ్బాలు కూడా అమ్ముతారు కదండి. నికెల్ అందులో ఏం చేస్తుందండి?"

"కెటలిస్టుగా పనిచేస్తుందండి."

"అది దానికి మనం పెట్టిన పేరండి. ఏం చేస్తుంది అని అడుగుతున్నాను."

రెండేళ్లు యూనివర్సిటీలో చదివొచ్చినా, మా కొట్లో గుట్టలుగా పేర్చి ఉండే డబ్బాల గురించి ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఉక్రోషం కూడా వచ్చింది. నాకు జరిగిన ఇంటర్వ్యూ అదే. ఆ వారమే చేరిపోయాను.

నాన్న ఒప్పుకున్నారంటే స్టైపెండు చూసి కాదు, ఊరు దాటి వెళ్లక్కర్లేదని. కొట్టుకొచ్చిన వాళ్లతో, "మా అమ్మాయి గవర్నమెంటువారి పని మీద ఉందండి. వనస్పతి మీద" అని చెప్పేవారు. ఏదో కల్తీ పట్టుకునే ఉద్యోగమని వాళ్లు కాస్త దూరం జరిగేవారు. బ్యాంకు పరీక్ష కూడా రాయాలని మాత్రం ఆయన షరతు పెట్టారు. రాశాను.

కంప్యూటర్ అనే మాట పత్రికల్లో తప్ప మా ఊళ్లో వినబడని కాలం. విశాఖపట్నంలో ఓ పెద్ద ఆఫీసువాళ్ల దగ్గర ఒకటుంది. ఆదివారాలు వాళ్లకి పని తక్కువ గనక, మాస్టారు ఎవరెవరినో బతిమాలి ఎప్పుడైనా ఓ ఆదివారం మాకు ఇప్పించుకునేవారు. దానికి మన మాట నేరుగా చెబితే తెలియదు. పోస్టుకార్డు కంటే కాస్త పొడవుండే అట్టముక్కల మీద చిల్లులు పొడిచి ఇవ్వాలి. లెక్కలో ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. మా లెక్కకి ఓ పెద్ద బిస్కట్ల డబ్బా నిండా కార్డులయ్యాయి. ఒక్కటి అటూ ఇటూ అయినా, ఒక్క చుక్క తప్పు పడినా, కంప్యూటర్ ఏమీ చెప్పకుండా మొత్తం వెనక్కి ఇచ్చేసేది. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ ఇంటికి రావడం, మళ్లీ ఆదివారం కోసం ఎదురుచూడడం. అలా ఏడాది దాటింది. ఆ ఎదురుచూపుల్లో నాకు ఎన్నిసార్లు విసుగొచ్చిందో లెక్కలేదు. ఆయన మటుకు ప్రతిసారీ వెనక్కొచ్చిన కార్డుల్ని గుండెకి ఆనించి పట్టుకుని రైలెక్కేవారు.

నికెల్ పై భాగం ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదంటే ఒకరోజు మా ఇంటికే వచ్చి అమ్మని ఇడ్లీ రేకు అడిగి తీసుకెళ్లారు. గుంటల్లో శనగలు పోసి, హైడ్రోజన్ ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ జారిపోతుందో చూపించారు. చాలాకాలం అది ల్యాబులోనే ఉండిపోయింది. "మా ఇడ్లీ రేకు పీహెచ్‌డీ చేస్తోంది, ఇవాళ ఉప్మాయే" అని అమ్మ వచ్చిన చుట్టాలకి చెప్పేది. విసుక్కుంటూనే ఆయన వస్తే కాఫీ మాత్రం చిక్కగా కలిపేది.

గోదావరి వానలకి ఆ అట్టలు చెమ్మ పీల్చి ఉబ్బేవి. ఉబ్బితే కంప్యూటర్ మింగదు. మాస్టారి మేడగది కురుస్తుంది. ల్యాబులో ఎప్పుడూ ఆవిర్లు. మా ఇంట్లో పొడిగా ఉండే చోటేదని ఆయన అమ్మని అడిగారు. రోజంతా దీపం వెలుగుతుంది గనక దేవుడి గూడు పక్కన చెమ్మ చేరదని అమ్మ చెప్పింది. అలా మా లెక్క దేవుడి గూట్లోకి చేరింది. కింద బియ్యం పోసి, దాని మీద గుడ్డ వేసి, ఆ పైన కార్డులు పెట్టి డబ్బా మూసేవాళ్లం.

ప్రాజెక్టు గడువు దగ్గరపడింది. ఢిల్లీ నుంచి కమిటీ వస్తుంది, ఒక్క ఫలితమైనా చూపిస్తేనే డబ్బు కొనసాగుతుంది, లేకపోతే ఫెలోషిప్పు అక్కడితో ఆఖరు. అది ఆగిపోతే నా పీహెచ్‌డీ కూడా ఆగిపోతుంది. ఈలోగా బ్యాంకు పరీక్షలో నేను పాసయ్యాను, ఆర్డరు ఎప్పుడైనా రావచ్చు. కమిటీ వచ్చేలోపు మాకు దొరికింది ఒకే ఒక ఆదివారం. కార్డులన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, ఈసారి తప్పు లేదని ఇద్దరం గట్టిగా అనుకుని, శనివారం మధ్యాహ్నం రైలెక్కాం. ఆయన తెలిసినవాళ్లింట్లో, నేను మా పిన్నిగారింట్లో దిగాం.

ఆదివారం పొద్దున కంప్యూటర్ ఉండే చల్లటి గదిలో బల్ల మీద పెట్టి డబ్బా మూత తీశాను. కార్డుల కట్ట నాలుగు మూలలా పసుపు. పైకార్డు మధ్యలో కుంకుమ బొట్టు.

ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఉగాదికి కొత్త చిట్టా పుస్తకం తెరిచేముందు నాలుగు మూలలా పసుపు తడిపి రాసి బొట్టు పెడతారు. అలా పెట్టకుండా మా తాతలనాటి నుంచి కొట్లో ఏ పుస్తకమూ తెరవలేదు. అమ్మ పుట్టిల్లు పెనుగొండ. ముఖ్యమైన పని మీద ఇంట్లోంచి ఏది బయటికి వెళ్లినా పెనుగొండ అమ్మవారి కుంకుమ పడాల్సిందే. ఇంతకాలం తన దేవుడి గూట్లో ఉన్న వస్తువు, కూతురి చదువు తేల్చే వస్తువు, బోసిగా వెళ్లడం ఆవిడకి మనసొప్పలేదు. నేను తల దువ్వుకుంటుండగా పెట్టేసింది.

అక్కడి ఆపరేటరు టై కట్టుకున్న కుర్రాడు. వాడు ముందు నవ్వాడు. "ఏంటండీ ఇవి, శుభలేఖలా?" అన్నాడు. తడి ఆరి పసుపు గట్టిపడి, కార్డులు మూలల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మాస్టారు బ్లేడు అడిగి తీసుకుని, కింద కూర్చుని ఒక్కొక్కటే విడదీశారు. నేను చీరచెంగుతో తుడిచాను. తుడిచేకొద్దీ పసుపు పరుచుకుంది. మధ్యాహ్నానికి కట్ట మొత్తం విడిపోయింది గానీ మూలలు గరుకుదేలిపోయాయి. మిషను కొన్ని మింగింది. ఆ తర్వాత లోపల ఏదో చిరిగిన చప్పుడైంది. ఆపరేటరు నవ్వడం మానేశాడు. వాళ్ల పెద్దాఫీసరు ఇంటి నుంచి రావాల్సి వచ్చింది. మూత విప్పి చూస్తే లోపలి చక్రాల నిండా పసుపు పొడి. సోమవారం వాళ్ల జీతాల పని ఉందట. ఇక మీకు మా మిషను ఇవ్వలేమండి, ఏమీ అనుకోకండి అని ఆయన మర్యాదగానే చెప్పాడు. మాస్టారు ఆపరేటరుకీ, ఆఫీసరుకీ, తుడవడానికి గుడ్డ తెచ్చిన ప్యూనుకీ విడివిడిగా నమస్కారం పెట్టారు.

బయట మెట్ల మీద కూలబడ్డాం. "కంగారేం లేదండి" అన్నారు. అదే మాట, అదే గొంతు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడైనా కంగారు పడరా ఈ మనిషి అనిపించింది. తిరుగు రైల్లో ఆయన చిరిగిన కార్డుల వెనక పెన్సిలుతో ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. తుని దాటేదాకా రాస్తూనే ఉన్నారు. ఆ తర్వాత పెన్సిలు జేబులో సుద్దముక్కల మధ్య పెట్టేసుకుని, కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. రాజమండ్రి స్టేషన్లో దిగాక ఒక్కమాట అన్నారు.

"ఇంట్లో అమ్మగారిని ఏమీ అనకండి."

నేనేమీ అననక్కర్లేకపోయింది. డబ్బా విప్పి చూసుకున్న అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం సహించలేదు. బుధవారం మాస్టారు వచ్చారు. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద వసారాలో ఆయనా అమ్మా మాట్లాడుకోవడం కనబడింది గానీ మాటలు వినబడలేదు. అమ్మ కళ్లు తుడుచుకుంది. కాసేపటికి కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. ఓదార్చడానికి వచ్చారని అనుకున్నాను.

కమిటీ వచ్చింది, చూసింది, వెళ్లింది. ప్రాజెక్టు ఆగిపోయింది. కార్డులు తన చేతిలో పాడయ్యాయని మాస్టారు వాళ్లకి చెప్పారట. సరిగ్గా అప్పుడే బ్యాంకు ఆర్డరు వచ్చింది. తణుకు బ్రాంచి. నాన్న ఊపిరి పీల్చుకున్నారు. భగవంతుడే దారి చూపించాడన్నారు. నాకూ అలాగే అనిపించింది. అంత అలసిపోయి ఉన్నాను. ఆ అట్టముక్కల మొహం ఇక చూడక్కర్లేదంటే సగం హాయిగా కూడా ఉంది.

అప్పుడు మాస్టారు మళ్లీ మా ఇంటికి వచ్చారు. ఉత్తరాదిన ఓ పెద్ద సంస్థలో, లోహాల మీద ఇలాంటి లెక్కలే చేసే ప్రొఫెసరు దగ్గర ఓ ఫెలోషిప్పు ఖాళీ ఉందట. సొంత కంప్యూటర్ ఉందట. నా గురించి రాశారట, రమ్మన్నారట.

"మన లెక్క ఇంకా బతికే ఉందండి. పాపం పసుపు అడ్డం పడింది, అంతే. అక్కడికి వెళ్లి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఎత్తుకోండి" అన్నారు.

"మరి మీరో?" అన్నాను.

"నాకు ఇక్కడ క్లాసులున్నాయి కదండి" అన్నారు.

నాన్న ససేమిరా అన్నారు. చేతికొచ్చిన బ్యాంకు ఉద్యోగం కాదని, భాష తెలియని ఊళ్లో, నికెల్ కోసమా? నేను కూడా పెద్దగా పట్టుబట్టలేదు. పట్టుబట్టింది అమ్మ. నాన్న ఎదుట ఏనాడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి అడ్డం తిరిగింది.

"నా చేత్తో పాడుచేశానండి దాని చదువు. నా బతుకంతా ఆ మాట పడాలా నేను? వెళ్లనివ్వండి. అది వెళ్లి ఆ లెక్కేదో చేసుకొచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

అమ్మ కన్నీళ్ల ముందు నాన్న నిలవలేకపోయారు. నాకు కూడా ఆ మాటతోనే పౌరుషం వచ్చింది. పోయింది పసుపు వల్లే గదా, లెక్క మంచిదే గదా, చేసి చూపిస్తాను అనుకున్నాను. తణుకు ఆర్డరు వెనక్కి పంపించాను.

అక్కడ నాకు కంప్యూటర్ దొరికింది, కార్డులు దొరికాయి. మాస్టారి లెక్క మొదటి నుంచి మళ్లీ పొడిచి పెట్టాను. నడిచింది. ఏదో ఒకటి చెప్పింది. ఆ చెప్పింది అర్థం కావడానికి నాకు ఏడాదిన్నర పైగా పట్టింది. తప్పు కార్డుల్లో లేదు, పద్ధతిలోనే ఉంది. ఆ పద్ధతిలో రెండు పరమాణువుల కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం అనేది లెక్కలోకి రాదు. అందుకని హైడ్రోజన్ నికెల్‌కి దగ్గరయ్యేకొద్దీ మేలే అంటుంది. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి, చివరికి ఒకదాంట్లో ఒకటి పడిపోయేదాకా. ఎంత దూరంలో ఆగాలో ఎన్నటికీ చెప్పదు. మేం అడిగిన ప్రశ్నే అది. ఆ లోపాన్ని సరిచెయ్యడమే నా థీసిస్ అయింది.

సెలవుల్లో వచ్చినప్పుడు మాస్టారికి చెప్పడానికి వెళ్లాను. వెళ్లేముందు రెండు రోజులు తటపటాయించాను. ఇన్నేళ్లు గుండెకి ఆనించుకున్న లెక్క మొదట్లోనే తప్పని ఆయన మొహం మీద ఎలా చెప్పడం? చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సుద్దముక్క నా చేతికిచ్చి, బోర్డు మీద వేసి చూపించమన్నారు. చూపించాను. "మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నారు. మళ్లీ చెప్పాను. "ఎంత బాగా పట్టుకున్నారండి!" అన్నారు. దిమ్మ మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, చిన్నపిల్లవాడికి మిఠాయి దొరికినంత సంతోషంగా ఉన్నారు. బాధని అలా దాచుకుంటున్నారు పాపం అనుకుని, ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చి పడుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మాస్టారి లెక్క తప్పట అనే మాట మా కొట్లో, మా వీధిలో తిరగడం నాకిష్టం లేదు. థీసిస్ అయింది, ఉద్యోగం పెద్దాపురంలో వచ్చింది. మాస్టారు రిటైరయ్యారు. అప్పుడప్పుడు గట్టు మీద, నదికి వీపు పెట్టి కనబడేవారు. ఆగితే నా విద్యార్థుల సంగతులు అడిగేవారు. పనులు పెరిగి, ఆగడం తగ్గిపోయింది.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ వసారాలో పీట మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మాస్టారు పోయారని చెప్పాను. చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడే?"

"మొన్నటమ్మా. నిద్రలోనే."

"కబురైనా చెయ్యలేదు చూడు" అని, చింతపండు చేతులు మొహానికి తగలకుండా భుజంతో కళ్లు ఒత్తుకుంది.

ఆయన పోయాక ఇక దాచడం దేనికనిపించింది. పక్కనే కింద కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు నీ పసుపు వల్ల ఏమీ పోలేదే. కార్డులు నడిచినా ఆ లెక్క తేలేది కాదు. మాస్టారి పద్ధతిలోనే లోపముంది. నేను అక్కడికెళ్లాక కనుక్కున్నాను. ఆయనుండగా ఆ మాట ఈ ఇంట్లో అనడం ఇష్టంలేక ఊరుకున్నాను."

అమ్మ ఆశ్చర్యపోలేదు.

"దగ్గరికి జరిగేకొద్దీ ఆగవు, ఒకదాంట్లో ఒకటి పడిపోతాయి. అదేగా?" అంది.

ఏడాదిన్నర నా నిద్ర తినేసిన ముక్క అది.

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే. ఆ బుధవారం వచ్చారు చూడు, అప్పుడు. రైల్లో తిరిగొస్తూ కొంచెమైనా చేత్తో తేలుద్దామని వేసుకుంటే బయటపడిందట. మీరు పసుపు రాయకపోయినా ఇది పోయేదేనమ్మా, మనసులో పెట్టుకోకండి అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చిందనుకో. అయితే ఆ మాట పిల్లకి చెప్పండి బాబూ, మొహం మాడ్చుకు తిరుగుతోంది అన్నాను. ఆయన వద్దని తల అడ్డంగా ఊపారే."

"తర్వాత?"

"తప్పు నా లెక్కదని తెలిస్తే మీ అమ్మాయిగారు రేపే వెళ్లి బ్యాంకులో చేరిపోతారండి. తప్పు పసుపుదైతే మళ్లీ మొదలుపెడతారు. ఎక్కడుందో ఆవిడే వెతికి పట్టుకుంటారు, నాకు నమ్మకముంది. అందాకా ఈ తప్పు కాస్త మీ దగ్గర ఉంచుకోగలరాండి, అని అడిగారు."

పొద్దున బస్సులో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. అమ్మ ఆపమనలేదు.

"నువ్వేమన్నావే?" అని అడిగాను చివరికి.

"ఏమంటాను? దానికేముందండీ, ఉంచండి అన్నాను."